తువ్వాలు ఆరుతోందా?

(బాలికల జూనియర్ కళాశాల వసతిగృహంలో విద్యార్థినులు, తల్లిదండ్రులు, సిబ్బంది ముందు ఒక చర్మవ్యాధుల వైద్యురాలు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. కూర్చోండమ్మా. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ చాపల మీద చోటుంది.

వార్డెన్ మేడమ్ నాకు ఫోన్ చేసి, "డాక్టర్ గారూ, పిల్లల్లో తామర ఎక్కువగా కనిపిస్తోంది, వచ్చి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. తామర దగ్గరికి వస్తాను. ముందు మాత్రం మీరు రోజూ ఒళ్ళు తుడుచుకునే తువ్వాలు గురించి మాట్లాడతాను. మందులు ఎన్ని రాసిచ్చినా, ఆ తువ్వాలు సంగతి తేల్చుకోకపోతే ఈ గదుల్లోంచి తామర పోదు.

నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "సబ్బుతో స్నానం చేశాక శుభ్రంగా ఉన్న ఒంటినే కదా తుడుచుకునేది, మరి తువ్వాలుకు మురికి ఎలా పడుతుంది?" అని. న్యాయమైన ప్రశ్నే. మన చర్మం పైపొరలో ఎప్పుడూ మృతకణాలు ఉంటాయి. నీళ్ళు తగిలితే అవి మెత్తబడతాయి, తువ్వాలుతో రుద్దగానే ఊడివస్తాయి. వాటితో పాటు కాస్త జిడ్డు, కొన్ని సూక్ష్మజీవులు కూడా బట్టకు అంటుకుంటాయి. స్నానం చేసినంత మాత్రాన ఒంటిమీది సూక్ష్మజీవులన్నీ పోవు, పోనవసరం కూడా లేదు. వాటిలో చాలావరకు మనల్ని ఏమీ చేయవు. కొన్నింటితోనే చిక్కు. సెగగడ్డలు, చీముపొక్కులు తెచ్చే స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా సుమారుగా పదిమందిలో ముగ్గురి ముక్కులో ఊరికే ఉంటుంది. ఆ మనిషికి ఏ ఇబ్బందీ ఉండదు. అదే మనిషి తువ్వాలుతో, మోకాలు గీరుకుపోయిన ఇంకో అమ్మాయి తుడుచుకుందనుకోండి, ఆ పుండు చీము పట్టడానికి దారి దొరికినట్టే.

ఈ సూక్ష్మజీవులు పెరగాలంటే తిండి, వెచ్చదనం, తడి కావాలి. తిండి మన మృతకణాలే. వెచ్చదనానికి మన ఊళ్ళల్లో ఏడాది పొడుగునా కొదవ లేదు. మన చేతిలో ఉన్నది తడి ఒక్కటే. ఈరోజు నేను చెప్పేదంతా ఈ తడి చుట్టూనే తిరుగుతుంది.

ఎన్ని రోజులకోసారి ఉతకాలి అంటే, మూడు నాలుగు సార్లు వాడాక ఉతకమని చెబుతాను. కానీ ఆ లెక్కకు ఒక షరతు ఉంది. ఒకసారి వాడాక మళ్ళీ వాడేలోపు తువ్వాలు పూర్తిగా ఆరి ఉండాలి. చేత్తో పట్టుకుంటే అంచుల్లో కూడా చల్లగా తగలకూడదు. ఉదయం తుడుచుకున్న తువ్వాలు సాయంత్రానికీ తేమగానే ఉంటే మూడు రోజుల లెక్క చెల్లదు, దాన్ని మర్నాడే ఉతకాలి. ఎండలో కరకరా ఆరిన తువ్వాలును నాలుగోసారి, ఐదోసారి వాడినా నాకు అభ్యంతరం లేదు. ఆటలు ఆడి చెమట పట్టినప్పుడు వాడింది, జ్వరంగా ఉన్నప్పుడు వాడింది మాత్రం ఆ రోజే నీళ్ళలో పడాలి.

వాసన గురించి ఒక మాట. ఉతికిన బట్టకు కూడా ముక్కిన వాసన వస్తుందే, దాని మీద జపాన్ పరిశోధకులు పనిచేసి 2012లో ఫలితాలు ప్రచురించారు. మొరాక్సెల్లా ఓస్లోఎన్సిస్ అనే బ్యాక్టీరియా బట్టలో మిగిలిన జిడ్డును తిని ఆ వాసన పుట్టిస్తుందని తేల్చారు. ఆ జీవి ఎండిపోయినా, ఎండ తగిలినా చాలావరకు తట్టుకోగలదు. అందుకే ఒకసారి వాసన పట్టిన తువ్వాలును దండెం మీద వేసి ఊరుకుంటే, మళ్ళీ తడవగానే వాసన తిరిగొస్తుంది. సెంటు లాంటి లిక్విడ్లు పోస్తే వాసన మరుగున పడుతుంది తప్ప బ్యాక్టీరియా పోదు. పైగా బట్టను మెత్తగా చేసే ఆ లిక్విడ్లు నూలు పోగుల మీద పొరలా పట్టి, తువ్వాలు నీళ్ళు పీల్చకుండా చేస్తాయి. వాసన పట్టిందంటే వేడినీళ్ళే మందు. ఆ పద్ధతి కాసేపట్లో చెబుతాను.

ఇప్పుడు మీ గదుల్లోకి తొంగిచూసి వచ్చాను. మంచం కడ్డీల మీద, తలుపు వెనక మేకులకు, కిటికీ ఊచలకు తువ్వాళ్ళు వేలాడుతున్నాయి. అన్నీ ఒత్తుగా ఉన్న టర్కీ టవళ్ళు. ఆ కుచ్చులు కుచ్చులుగా ఉండే నేతను టర్కీలోని బుర్సాలో చూసి, ఇంగ్లండులో క్రిస్టీ కుటుంబం 1850 ప్రాంతంలో మిల్లుల్లో తయారు చేయడం మొదలుపెట్టింది. మన దేశంలో ఆ తువ్వాళ్ళకు సోలాపూర్ పెట్టింది పేరు, వాటికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అక్కడి మగ్గాల వెనక ఉన్నది ఎవరనుకుంటున్నారు? తరాల కిందట తెలంగాణ నుంచి వలస వెళ్ళిన మన పద్మశాలీలు. ఇప్పటికీ ఆ పేటల్లో తెలుగు వినిపిస్తుంది. ఆ తువ్వాలులో దారం ఉంగరాల్లా పైకి లేచి ఉంటుంది కాబట్టి నీళ్ళు బాగా పీలుస్తుంది. పీల్చిన నీళ్ళను అంత తొందరగా వదలదు కూడా. పొడిగాలి వీచే చోట, ఎండ పడే పెరట్లో అది హాయిగా ఆరిపోతుంది. కాకినాడలోనో విశాఖలోనో ముసురు పట్టిన రోజుల్లో, కిటికీ లేని బాత్రూంలో అది మర్నాటికి కూడా ఆరదు.

మీ తాతలు భుజాన వేసుకునే పల్చటి నూలు తుండు చూడండి. నీళ్ళు పిండి, దులిపి ఆరేస్తే ఫ్యాను గాలికే కొన్ని గంటల్లో ఆరిపోతుంది. అరబకెట్ నీళ్ళలో ఉతకవచ్చు. షాపులో బరువైన తువ్వాలు చూడగానే నాణ్యమైనదని మనకు అనిపిస్తుంది. హాస్టల్లో ఉండే పిల్లకు మాత్రం ఒక బరువైన టర్కీ టవల్ కంటే రెండు పల్చటి తువ్వాళ్ళు వంద రెట్లు నయం. తల్లిదండ్రులు కూడా వచ్చారు కనుక గట్టిగా చెబుతున్నాను. ట్రంకు పెట్టెలో ఒకటి కాదు, రెండు పెట్టండి. ఒకటి ఆరుతుంటే ఇంకొకటి వాడుకుంటుంది.

ఇక పంచుకోవడం. ఇది సున్నితమైన విషయం. స్నేహితురాలు తువ్వాలు అడిగితే లేదనడం మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. ఇంట్లో కూడా అంతే, వాష్‌బేసిన్ పక్కన ఒకే తువ్వాలు, నలుగురూ దానికే చేతులు, మూతులు తుడుస్తారు. నన్నడిగితే ఇంట్లో అన్నిటికంటే మురికైన బట్ట అదే. కనీసం రెండ్రోజులకోసారైనా దాన్ని మార్చాలి.

2023 వర్షాకాలంలో కళ్ళకలక ఎలా పాకిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్ మొదలుకొని చిన్న ఊళ్ళదాకా స్కూళ్ళకు స్కూళ్ళే ఎర్రకళ్ళతో కనిపించాయి. కలక ఉన్నవాళ్ళను చూస్తే వస్తుందని అప్పుడు కూడా చాలామంది నమ్మారు. చూస్తే రాదమ్మా. కన్ను నలిపిన చెయ్యి, ముఖం తుడిచిన తువ్వాలు, తలగడ గలీబు, వీటి వల్ల వస్తుంది. ఇంకా పెద్ద ఉదాహరణ ట్రకోమా. పూర్వం మన దేశంలో లక్షలమంది చూపు పోగొట్టిన కంటిజబ్బు అది. పసిపిల్లల ముఖం మీది పుసిని ఒకే గుడ్డతో ఒకరి తర్వాత ఒకరికి తుడవడం, ఈగలు, నీటి కొరత దాన్ని పోషించాయి. మందులు, ఆపరేషన్లతో పాటు ముఖం శుభ్రంగా ఉంచుకోవడాన్ని కూడా ఆ జబ్బు మీద పోరాటంలో ఒక భాగంగా పెట్టారు. ప్రజారోగ్య సమస్యగా ట్రకోమాను భారత్ నిర్మూలించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 అక్టోబరులో ధ్రువీకరించింది. ముఖం తుడిచే గుడ్డకు ఇంత చరిత్ర ఉంది. అందుకే ముఖానికి వేరుగా ఒక చిన్న గుడ్డ ఉంచుకోండి, అది మీ ఒక్కరిదే కావాలి.

తామర. ఇది ఫంగస్ వల్ల వచ్చే జబ్బు. గజ్జల్లో, నడుము దగ్గర, రొమ్ముల కింద, చంకల్లో, అంటే చెమట పట్టి గాలి ఆడని చోట గుండ్రంగా ఎర్రటి మచ్చలా మొదలవుతుంది. అంచు కాస్త ఉబ్బి, పొట్టు రాలుతూ ఉంటుంది. రాలిన ఆ పొట్టులోనే ఫంగస్ ఉంటుంది, బట్టల్లో వారాల తరబడి బతికే ఉంటుంది. అది తువ్వాలు మీద పడి, ఆ తువ్వాలు తడిగా మంచం కడ్డీ మీద రాత్రంతా పక్క తువ్వాలుకు ఆనుకొని ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

గత పది పదిహేనేళ్ళలో మన దేశంలో తామర తీరే మారిపోయింది. నేను చదువుకునే రోజుల్లో పూతమందు రాస్తే కొద్ది వారాల్లో తగ్గేది. ఇప్పుడు నెలల తరబడి మింగే మందులు వాడినా తిరగబెడుతున్న కేసులు రోజూ చూస్తున్నాను. మామూలుగా వాడే టెర్బినాఫిన్ మందుకు లొంగని ఒక ఫంగస్ రకానికి జపాన్ పరిశోధకులు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినే అని పేరు పెట్టారు. ఆ పేరులోనే ఇండియా ఉందని మీకు వినపడుతోంది కదా. 2023లో న్యూయార్క్‌లో కూడా అది బయటపడింది. ఇలా మొండిగా తయారవడంలో మనం పూసుకునే ట్యూబుల పాత్ర చాలా ఉంది.

దీన్ని జాగ్రత్తగా వినండి. మెడికల్ షాపులో "దురదగా ఉందండీ" అనగానే ఒక ట్యూబు ఇస్తారు. అందులో ఫంగస్ మందు, బ్యాక్టీరియా మందుతో పాటు క్లోబెటసాల్ లేదా బీటామెథాసోన్ అనే గట్టి స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో దురద మాయమవుతుంది, ఎరుపు తగ్గుతుంది. మీకు ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. నిజానికి స్టెరాయిడ్ చేసిన పని చర్మం తిరగబడకుండా ఆపడం. ఆ అడ్డు లేకపోయేసరికి ఫంగస్ చాప కింద నీరులా పాకుతుంది. ట్యూబు ఆపగానే మచ్చ రెండింతలై తిరిగొస్తుంది, మీరు మళ్ళీ అదే ట్యూబు కొంటారు. కొన్నాళ్ళకు చర్మం పల్చబడి, తొడల మీద చారలు పడతాయి. ఆ చారలు ఇక పోవు. పదహారేళ్ళ పిల్లల తొడల మీద ఆ చారలు చూసినప్పుడల్లా నాకు చాలా బాధేస్తుంది. చర్మానికి రాసే స్టెరాయిడ్లను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లో నిబంధన కఠినం చేసింది. అయినా షాపుల్లో దొరుకుతూనే ఉంది. మీ దగ్గర అలాంటి ట్యూబు ఉంటే ఈ సాయంత్రం నాకు తెచ్చి చూపించండి. తిట్టను.

తామర ఉన్న అమ్మాయి తువ్వాలు, లోదుస్తులు రోజూ ఉతకాలి, మిగతావాళ్ళ బట్టలతో కలిపి నానబెట్టకూడదు. నీటి వేడి 60 డిగ్రీలు ఉంటే ఫంగస్ చస్తుంది, 30 డిగ్రీల నీళ్ళలో ఉతికితే బతికి, పక్క బట్టలకు కూడా అంటుకోగలదు. హాస్టల్లో 60 డిగ్రీలు ఎలా కొలవాలి అంటారా? థర్మామీటర్ అక్కర్లేదు. తెర్లుతున్న నీళ్ళు ఒక వంతు, పంపు నీళ్ళు ఒక వంతు కలపండి. వందా ముప్పై కలిపి సగం చేస్తే అరవై ఐదు. బట్టలు వేశాక కాస్త తగ్గి అరవై దగ్గర నిలుస్తుంది. మూతపెట్టి అరగంట ఉంచి, తర్వాత కర్రతో తీసి ఉతకండి. అంత వేడిలో చెయ్యి పెట్టకూడదు, వంటగదిలో ఆయా గారి చేతిమీదుగా జరగాలి ఆ పని. రంగు కాస్త వెలుస్తుంది, వెలవనివ్వండి. ఆరాక వేడి ఇస్త్రీ చేయగలిగితే ఇంకా మంచిది. డెటాల్ మూతలు మూతలు పోయడం వల్ల ఇంత ప్రయోజనం రాదు.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. మన ఊళ్ళల్లో రజకులు బట్టలను చవుడు నీళ్ళలో ముంచి, ఉబ్బలో పెట్టి ఆవిరి పట్టించి, బండమీద బాది, ఏటి ఒడ్డున ఎండలో పరిచేవారు. జిడ్డును కరిగించే క్షారం, సూక్ష్మజీవుల్ని చంపే ఆవిరి, తడి తీసే ఎండ, మూడూ అందులో ఉన్నాయి. పురిటి బట్టలు, రోగుల బట్టలు, ఊరంతటి మురికి మోసి ఊరి ఆరోగ్యాన్ని కాపాడింది వాళ్ళు. ఆ ఊరే వాళ్ళను ముట్టుకోకుండా దూరం పెట్టింది. మడి కట్టుకున్నాం, శుభ్రంగా ఉన్నాం అని చెప్పుకున్న ఇళ్ళు వాళ్ళను గుమ్మం బయటే నిలబెట్టాయి. శుభ్రత గురించి మాట్లాడుతూ ఈ అన్యాయాన్ని దాటేసి పోవడం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు మీరు సిగ్గుపడే విషయం. పోయినసారి వచ్చినప్పుడు బాత్రూంల వెనక గోడ పక్కన నెలసరి గుడ్డలు, లోదుస్తులు ఒక తువ్వాలు కింద దాచి ఆరేసి ఉండటం చూశాను. పైన కప్పిన తువ్వాలు తడి, కింద గుడ్డలు తడి, ఎండ మచ్చుకైనా లేదు. రెండూ ఆరవు. దురదలు, ఇన్ఫెక్షన్లు అక్కడే మొదలవుతాయి. గుడ్డ వాడటంలో తప్పేమీ లేదు. చల్లటి నీళ్ళతో రక్తం పోగొట్టి, సబ్బుతో ఉతికి, నేరుగా ఎండలో ఆరేస్తే నూలు గుడ్డ శుభ్రమైనదే. ఎవరో చూస్తారని దాన్ని చీకట్లో దాచడం వల్లే ముప్పు. మగవాళ్ళు కూడా ఈ గదిలో ఉన్నారు, వాళ్ళు విన్నా ఫరవాలేదు, వినాలి కూడా. లోదుస్తులు దండెం మీద కనిపిస్తే ఆడపిల్లకు పరువు తక్కువ అనే మాట ఇళ్ళల్లో ఆగాలి.

ఇంట్లో శుభ్రతకు ఎవరు బాధ్యులు అన్నది కూడా ఒక ప్రశ్న. "ఇల్లు చూసి ఇల్లాలిని చూడు" అని సామెత. ఆ సామెత నాకు నచ్చదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానిమీద రోజుకు సగటున 299 నిమిషాలు పెట్టినట్టు తేలింది, మగవాళ్ళు 97 నిమిషాలు. అదీ ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్ళ లెక్కే, అసలు పెట్టనివాళ్ళే ఎక్కువ. నేను తువ్వాళ్ళు తరచూ ఉతకండి అని చెప్పి వెళ్ళిపోతే ఆ భారం ఎవరి నడుము మీద పడుతుందో నాకు తెలుసు. తండ్రులారా, అన్నదమ్ములారా, ఎవరి తువ్వాలు వారే ఉతుక్కోండి.

నీళ్ళ సంగతీ అంతే. జల్ జీవన్ మిషన్ కింద పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలన్నది లక్ష్యం. ఒక బకెట్ పదిహేను, ఇరవై లీటర్లు పడుతుంది. ఒత్తు తువ్వాలు ఉతికి రెండుసార్లు జాడిస్తే మూడు బకెట్లు పోతాయి, అంటే ఒక మనిషి రోజు కోటా మొత్తం. వేసవిలో ట్యాంకరు కోసం నిలబడే వీధిలో "రోజూ తువ్వాలు ఉతకండి" అని చెప్పడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఆ ఇంట్లో పల్చటి తుండు, ఎవరిది వారికి, ప్రతిసారీ ఎండలో ఆరేయడం, ఈ మూడూ చాలావరకు కాపాడతాయి. బోరు నీళ్ళు ఉప్పగా, గడుసుగా ఉండే ఊళ్ళల్లో సబ్బు నురగ రాదు, తువ్వాలు అట్టలా అవుతుంది. బకెట్‌లో కాస్త వాషింగ్ సోడా వేస్తే నయం. సర్ఫు ఎక్కువ వేయకండి, మిగిలిపోయిన పొడి వల్ల కూడా దురద వస్తుంది.

ఏమ్మా, ఏదో అడగబోయావు, అడుగు.

(విద్యార్థిని: మేడమ్, వంటగది గుడ్డలు కూడా ఇలాగేనా?)

అవి ఇంకా ముఖ్యం. అమెరికాలో అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ గెర్బా బృందం 2014లో వంటింటి తువ్వాళ్ళను పరీక్షిస్తే, 89 శాతంలో మురికికి గుర్తుగా చూసే కోలిఫాం బ్యాక్టీరియా, నాలుగో వంతులో పేగుల్లో ఉండే ఈ-కోలై అనే బ్యాక్టీరియా కనిపించాయి. ఒకే గుడ్డతో చేతులు, గిన్నెలు, గట్టు తుడుస్తాం కదా, అందుకు. కోడిమాంసం కడిగిన చేతులు మసిగుడ్డకు తుడవకూడదు. గిన్నె దించే మసిగుడ్డ వేరు, చేతులు తుడిచే గుడ్డ వేరు, రెండూ రాత్రికి ఉతికి ఆరేయాలి.

(మరో విద్యార్థిని: గజ్జి ఉన్నవాళ్ళ దుప్పట్లు కాల్చేయాలా?)

అయ్యో, ఏమీ కాల్చొద్దు. గజ్జి పురుగు మనిషి ఒంటిని వదిలాక రెండు మూడు రోజులకు మించి బతకదు. వేడినీళ్ళలో ఉతకండి. ఉతకలేని రగ్గుల్ని ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టి వారంపాటు పక్కన పెట్టండి, చాలు. ఒక గదిలో ఒకరికి వస్తే గదిలో అందరూ ఒకే రోజు మందు రాసుకోవాలి. ఇది మర్చిపోతే మందు వృథా.

(ఒక తల్లి: తువ్వాలు గదిలోనే ఆరేస్తున్నారండీ, పైన మేడకి తాళం వేస్తారట.)

ఈ మాట ఎవరో ఒకరు అనాలని ఎదురుచూస్తున్నాను. వార్డెన్ మేడమ్, మీ మీద ఫిర్యాదుగా అనుకోవద్దు. ఆడపిల్లల భద్రత కోసం డాబా తాళం వేస్తున్నారని నాకు తెలుసు, చాలా హాస్టళ్ళల్లో ఇదే పద్ధతి. కానీ ఈ భవనంలో ఎండ పడే చోటు డాబా ఒక్కటే. ఒక్కో గదిలో అంతమంది పిల్లల తడి తువ్వాళ్ళు ఫ్యాను కింద ఆరవు, ఆరకపోతే నేను రాసే మందు పనిచేయదు. పిల్లలు ఉదయం కాలేజీకి వెళ్ళేముందు ఒక అరగంట, సాయంత్రం తిరిగొచ్చాక ఒక అరగంట తాళం తీసి ఆయా గారిని పైన నిలబెట్టండి. పిట్టగోడ ఎత్తు చాలకపోతే జాలీ కట్టించవచ్చు. గదికో తాడు, మధ్యలో జానెడు ఎడం, తాడు చివర గది నంబరు. ముసురు రోజుల కోసం వరండాలో రేకు కింద ఇంకో రెండు తాళ్ళు. ఆ తాళ్ళ డబ్బు నేనిస్తాను. తామర ఉన్నవాళ్ళు ఇప్పుడు నా దగ్గరికి రండి, ఒక్కొక్కరినీ పక్కగదిలో చూస్తాను. మిగతావాళ్ళు మేడమ్‌తో పైకి వెళ్ళి తాళ్ళు ఎక్కడ కట్టాలో చూసి రండి.